నొప్పి లేని దవడ వాపు

దవడ వాచింది. నొప్పి లేదు. పసుపు పట్టు వేసి ఊరుకుంటాం. కాని అక్కా, అది గడ్డ కావచ్చు.

పంటి మీద గట్టి పొరను తయారుచేసే కణాల నుంచి ఒక అరుదైన గడ్డ పుడుతుంది. దాని పేరు అమెలోబ్లాస్టోమా. పేరుకు నోరు తిరగదు, పోనివ్వండి. ఎక్కువగా కింది దవడలో, వెనక పళ్ల దగ్గర వస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా పెరుగుతుంది. పళ్లు కదులుతాయి.

మామూలుగా ఇది క్యాన్సర్ కాదు. అయినా పసరుతో కరగదు. ఆపరేషన్ చేయాలి. పైపైన గీకితే మళ్లీ మొలుస్తుంది. అందుకే చుట్టూ 1 నుంచి 2 సెంటీమీటర్ల మంచి ఎముకను కూడా కలిపి తీస్తారు.

"దవడ తీసేస్తే తినేదెట్లా?" అని భయం వేస్తుంది. మోకాలి కింద రెండు ఎముకలుంటాయి. అందులో సన్నదాని ముక్క తెచ్చి దవడగా అమరుస్తారు. అది తీసినా నడవగలం.

చాలా అరుదుగా ఈ గడ్డ ఊపిరితిత్తులకు పాకుతుంది. ఆపరేషనైన 10, 15 ఏళ్లకు కూడా పాకవచ్చు. దగ్గు, ఆయాసం వస్తాయి. ఒక్కోసారి ఏమీ తెలియదు, ఎక్స్‌రేలోనే మచ్చ కనబడుతుంది. వీలైతే ఆ ముక్కనూ ఆపరేషన్ చేసి తీస్తారు.

పాత ఆపరేషన్ కాగితాలు పెట్టెలో దాచండి. దగ్గుకు చూపించుకునే డాక్టరుకు అవి కూడా చూపండి.