టోక్యో నగరంలో మన పప్పన్నం

ఆస్పరి: తెల్లవారితే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. మధ్యాహ్నానికి జొన్నరొట్టె, బుడ్డల చట్నీ. ఆస్పరి, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల్లో ఇది మామూలే. ఇక్కడికి వేల మైళ్ల దూరాన జపాను రాజధాని టోక్యోలో, ఆ దేశపువారే వచ్చి కూర్చుని పప్పు, సాంబారు, రసం పోసుకుని అన్నం తినే హోటళ్లు ఉన్నాయంటే మాత్రం పల్లెల్లో చాలామంది నమ్మరు. వాటిలో కొన్నింటికి పేరులోనే ఆంధ్రా అని ఉంది.

జపానువారు కూడా మనలాగే అన్నం తినేవారు. అయితే కారం బహు తక్కువ. చేప, సోయా చిక్కుడు, సముద్రపు నాచు వారి వంటకు ఆధారం. వారి బియ్యం పొట్టి గింజ. వండితే మెతుకు మెతుకూ అంటుకుంటుంది. రెండు పుల్లలతో తినాలంటే అంటుకోకపోతే కుదరదు మరి. అన్నం పలుకుగా ఉండాలనే మనవారికి అది పెడితే జ్వరం వచ్చినవాడికి పెట్టే అన్నం అనుకుంటారు. అలాంటి దేశంలో మసాలా కూరకు గిరాకీ రావడం వెనుక ఒక విప్లవవీరుని చరిత్ర ఉంది.

బోసుగారి కోడికూర

1912లో ఢిల్లీలో వైస్రాయి హార్డింజ్‌పై బాంబు వేసిన కుట్రలో ముఖ్యుడు రాస్ బిహారీ బోస్. పోలీసులకు దొరకకుండా 1915లో ఆయన జపాను చేరారు. ఆంగ్లేయుల ఒత్తిడికి లొంగి అక్కడి ప్రభుత్వం కూడా దేశం విడిచి పొమ్మన్నది. అప్పుడు టోక్యోలోని షింజుకులో నకమురాయ అనే రొట్టెల దుకాణం నడిపే సోమా దంపతులు ఆయనను తమ ఇంట దాచారు. వారి కుమార్తె తోషికోను ఆయన 1918లో వివాహమాడారు. ఆమె 1925లోనే మరణించింది.

1927లో ఆ దుకాణంవారు హోటల్ కూడా తెరిచి, అల్లుడు నేర్పిన కోడికూరను అన్నంతో వడ్డించసాగారు. అప్పటికి జపానులో కూర అనేది ఉంది. కాని అది ఆంగ్లేయుల ద్వారా వచ్చిన కూర. పిండి కలిపి గంజిలా చిక్కగా కాచింది. అసలు కూర అది కాదని బోసుగారి పట్టుదల. ఎముకతో కూడిన కోడి ముక్కలు, మసాలా దినుసులు వేసి చేసిన ఈ కూర ధర మామూలు కూరకంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అయినా జనం ఎగబడి తిన్నారు. నకమురాయ కూర పేరు నేటికీ జపానులో చెక్కుచెదరలేదు. బోసు మాత్రం స్వాతంత్ర్యం చూడకుండానే 1945 జనవరిలో కన్నుమూశారు.

ఆయన అనుచరులలో ఒకరు తిరువనంతపురంవాడైన ఎ.ఎం. నాయర్. 1928లో ఇంజనీరింగు చదువుకు జపాను వెళ్లి, స్వాతంత్ర్య ఉద్యమంలో కలిసి, అక్కడే ఉండిపోయారు. యుద్ధంలో టోక్యో నేలమట్టమైన కొన్నేళ్లకే, 1949లో, గింజా అనే ఖరీదైన బజారులో తన పేరుతో హోటల్ పెట్టారు. అక్కడ పేరుపడినది కోడి కాలు కూర, పసుపన్నం, పక్కన క్యాబేజీ, మెదిపిన ఉర్లగడ్డ. అన్నీ బాగా కలిపి తినమని వడ్డించేవారే చెబుతారు. కలుపుకొని తినడం జపానువారికి కొత్త. మనకు చెప్పనక్కరలేదు. నాయర్ 1990లో మరణించినా కుటుంబంవారు హోటల్‌ను వదలలేదు.

నాన్ రొట్టెల రాజ్యం

ఆ తర్వాత వచ్చిన హోటళ్లలో అత్యధికం ఉత్తరాది పద్ధతివి. వాటిలో చాలా భాగం నేపాల్‌వారు నడుపుతున్నవి. పళ్లెం దాటి వేలాడే నాన్ రొట్టె, వెన్న వేసిన తియ్యటి కోడికూర, ఇంతే. దీనితో భారతదేశంలో ఇంటింటా రోజూ నాన్ కాలుస్తారని అక్కడ చాలామంది అనుకున్నారు. ఆస్పరి మండలంలో నాన్ కాల్చే పొయ్యి ఉన్న ఇల్లు వెతికి చూపమంటే తెలుస్తుంది!

2000 సంవత్సరం ముందూ వెనుకా కంప్యూటర్ ఇంజనీర్లు పెద్ద ఎత్తున టోక్యో వెళ్లి నిషి కసాయ్ అనే పేటలో కాపురం పెట్టారు. మాంసం ముట్టనివారికి తిండి గగనమైంది. కలకత్తా నుంచి వచ్చి అక్కడ టీ వ్యాపారం చేసుకుంటున్న ఒక పెద్దమనిషి వారి బాధ చూసి మెస్సు ప్రారంభించగా, అది తర్వాత హోటల్ అయింది. ఇంకో పక్క, నగరం నడుమ ధాబా ఇండియా అనే హోటల్‌లో దోశ, సాంబారు రుచి చూసిన జపానువారు దక్షిణాది తిండి వేరని గ్రహించారు.

మన పేరు గల హోటళ్లలో రెండు ఇవి. ఉయెనో దగ్గర ఒకచిమాచిలో ఆంధ్రా కిచెన్, గింజాలో ఆంధ్రా డైనింగ్. మీల్స్ అంటే పళ్లెంలో గిన్నెలు పెట్టి పప్పు, కూర, సాంబారు, రసం, పెరుగు ఇస్తారు. బిర్యానీ, దోశ సరేసరి. తినవచ్చేవారు మన ఇంజనీర్లే కాదు, జపానువారు కూడా. అన్నం తినే జాతికి నాన్‌కంటే ఈ భోజనం దగ్గర అనిపించడంలో వింత లేదు.

అయితే బియ్యంతోనే చిక్కు. తన రైతును కాపాడుకోవడానికి జపాను బయటి బియ్యానికి అడ్డుకట్ట వేసింది. నిర్ణీత పరిమాణం దాటి వచ్చే బియ్యంపై కిలోకు 341 యెన్‌లు, అంటే సుమారు రెండు వందల రూపాయల సుంకం ఉంది. టమోటాలు రోడ్డున పారబోసే రోజులు చూసిన ఆస్పరి, పత్తికొండ రైతులకు ఈ కాపుదల సంగతి వినడానికే ముచ్చటగా ఉంటుంది.

ఇంకో విశేషం. మనం తినే సోనా మసూరిలో కొంత జపాను రక్తం ఉంది. దాని తల్లిదండ్రులలో ఒకటైన మసూరి రకం మలయాలో పుట్టింది. జపాను ఏలుబడిలో తైవానులో తయారైన తైచుంగ్ 65 అనే పొట్టి గింజ వరిని, మలయా వరితో కలిపి దానిని పుట్టించారు. బాపట్ల పరిశోధన కేంద్రం 1986లో విడుదల చేసిన సాంబ మసూరి (బి.పి.టి. 5204) కూడా ఆ మసూరి సంతానమే.

మాస్టర్లకు కావలసింది కాగితం

టోక్యోలో ఈ హోటళ్లు నిలబడాలంటే మన వంట తెలిసిన మాస్టర్ కావాలి. జపాను చట్టం ప్రకారం విదేశీ వంటవానికి వీసా ఇవ్వాలంటే ఆ వంటలో 10 ఏళ్ల అనుభవం ఉండాలి. వంట విద్యాలయంలో చదివిన కాలం కూడా లెక్కకు వస్తుంది. ఈ వీసాపై వెళ్లినవారు భార్యాబిడ్డలను తీసుకుపోవచ్చు.

ఇక్కడే మన ప్రాంతంవారికి దెబ్బ. ఆదోనిలోనో బళ్లారిలోనో పదిహేనేళ్లుగా పొయ్యి ముందు నిలబడిన మాస్టర్ చేతిలో పని ఉంటుంది గాని, పని చేసినట్టు ఒక ముక్క కాగితం ఉండదు. జీతం చేతికే. చిట్టా యజమాని జేబులోనే. హోటల్ మూతపడితే అనుభవం కూడా దానితో పోయినట్టే. జపానువారు పత్రాలు చూసి ఊరుకోరు. ఆ హోటల్‌కు ఫోను చేసి విచారించడం కూడా కద్దు. దొంగ సర్టిఫికెట్లతో పంపిస్తామనే దళారులు ఉన్నారు. పట్టుబడితే పోయేది దళారి కాదు, మాస్టర్.

రెండో దారి కూడా ఉంది. నైపుణ్యం గల పనివారిని పంపడానికి భారత్, జపాన్ ప్రభుత్వాలు 2021 జనవరిలో ఒప్పందం చేసుకున్నాయి. హోటల్ పని అందులో ఒకటి. 18 ఏళ్లు నిండినవారు పని పరీక్ష, జపాను భాష పరీక్ష రెండూ ప్యాసు కావాలి. మొదటి మెట్టులో ఐదేళ్ల వరకే అనుమతి. కుటుంబాన్ని తీసుకుపోరాదు. వెళ్లేది ఆంధ్రా హోటల్‌కే అన్న నమ్మకమూ లేదు, జపాను నూడుల్స్ దుకాణమైనా కావచ్చు.

విదేశాలకు మనుషులను పంపే ఏజెంటు 1983 నాటి వలసల చట్టం కింద కేంద్ర విదేశాంగ శాఖ వద్ద నమోదై ఉండాలి. తన సేవకు 30,000 రూపాయలు, దానిపై జి.ఎస్.టి. మించి తీసుకోరాదు. ఆ పేర్లు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో ఎవరైనా చూసుకోవచ్చు. లక్షలు అడిగినవాడి పేరు అందులో ఉందో లేదో చూడడానికి మీ సేవ కేంద్రంలో పది నిమిషాలు చాలు. పని చేస్తున్న హోటల్ పేరు, లైసెన్సు నంబరు, చేరిన తేదీ రాయించి యజమాని సంతకం తీసుకోవడానికి అంతసేపు కూడా పట్టదు.