బడిని నిలబెట్టిన వకీలు

మీ వూరి సర్కారు బడికి డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తెలుసా? ప్రజలు కట్టే పన్నుల నుంచి. అంటే, బడికి పంపటానికి పిల్లలే లేని ముసలి తాతగారు కూడా మీ పంతులుగారి జీతంలో కొంత ఇస్తున్నాడన్నమాట. "నాకు పిల్లలు లేరు గదా, నేనెందుకివ్వాలి?" అని ఆ తాతగారు అడిగితే మీరేం జవాబు చెబుతారు?

1835లో, అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో వేలాది మంది సరిగ్గా ఈ ప్రశ్నే వేశారు. వారికి జవాబు చెప్పినవాడు తాడియస్ స్టీవెన్స్ అనే వకీలు. తమాషా ఏమిటంటే ఆయన కూడా పిల్లలు లేనివాడే. అసలు పెళ్ళే చేసుకోలేదు!

స్టీవెన్స్ 1792లో వెర్మాంట్ రాష్ట్రంలో పుట్టాడు. పుట్టుకతోనే ఒక పాదం వంకర. తోటి పిల్లలు ఆయన నడక చూసి వెక్కిరించేవారు. తండ్రి ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు. తల్లి సారా రెక్కలు ముక్కలు చేసుకుని నలుగురు కొడుకులను పెంచింది. ఈ పిల్లవాడికి చదువే ఆధారమని నమ్మి, పెద్ద చదువులు చదివించింది. 1816లో ఆయన పెన్సిల్వేనియాలోని గెటిస్‌బర్గ్‌లో ప్లీడరుగా పని మొదలుపెట్టాడు. సంపాదన చేతికి రాగానే తల్లికి పొలమూ, పాడి ఆవులూ కొని ఇచ్చాడు.

గొప్పవాళ్ళ కథ చెప్పేటప్పుడు వాళ్ళ తప్పులు దాచటం నాకు నచ్చదు. ఆ రోజులలో పక్కనున్న మేరీలాండ్‌లో బానిసత్వం వుండేది. అక్కడి బానిసను యజమాని పెన్సిల్వేనియాకు తెచ్చి ఆరు నెలలు వుంచితే, ఆ బానిసకు స్వేచ్ఛ వచ్చేది. ఛారిటీ బట్లర్ అనే నల్లజాతి స్త్రీ పలుమార్లు వచ్చి వెళ్ళింది. ఆ రోజులన్నీ కలిపితే ఆరు నెలలు దాటాయి, కనుక తాను స్వతంత్రురాలినని ఆమె వాదన. విడివిడి రోజులను కూడి లెక్క కట్టరాదని ఎదుటి పక్షాన వాదించి, 1821లో గెలిచినవాడు స్టీవెన్సే! ఆ తల్లీ పిల్లలూ బానిసలుగానే మిగిలిపోయారు. తరువాతి కాలంలో ఆయన పారిపోయి వచ్చిన బానిసల పక్షాన, అనేకసార్లు డబ్బు పుచ్చుకోకుండా, వాదించాడు. కాని బట్లర్‌కు దానివల్ల ఒరిగిందేమీ లేదు.

1833లో స్టీవెన్స్ రాష్ట్ర శాసనసభకు ఎన్నికైనాడు. అప్పటిదాకా ఆ రాష్ట్రంలో బీదపిల్లలకు జీతం లేకుండా చదువు చెప్పించాలంటే, తల్లిదండ్రులు తాము బీదలమని సర్కారు జాబితాలో పేరు రాయించుకోవాలి. మానం గల తల్లిదండ్రులు ఆ అవమానం పడలేక పిల్లలను ఇంటనే వుంచేసేవారు. 1834లో కొత్త చట్టం వచ్చింది. పన్నుల డబ్బుతో బడులు పెడతారు. కలవారి పిల్లలూ, లేనివారి పిల్లలూ ఒకే బల్ల మీద కూర్చుంటారు.

వెంటనే గగ్గోలు బయలుదేరింది. పన్ను భారమని కొందరన్నారు. జర్మన్ మాట్లాడే రైతులు తమ భాష ఏమైపోతుందోనని భయపడ్డారు. చట్టానికి వోటు వేసిన సభ్యులు చాలామంది తరువాతి ఎన్నికలలో ఓడిపోయారు. సెనేటు అనే పై సభ, చట్టాన్ని రద్దు చేయాలని తీర్మానించింది. స్టీవెన్స్‌ను పంపిన వోటర్లు కూడా రద్దునే కోరారు. పైగా ఆ చట్టాన్ని సమర్థించిన గవర్నరు జార్జి ఉల్ఫ్ ఆయనకు రాజకీయంగా ప్రత్యర్థి. నోరు మూసుకుని కూర్చుంటే స్టీవెన్స్‌కు ఏ చిక్కూ లేదు!

1835 ఏప్రిల్ 11న ఆయన సభలో లేచి నిలబడ్డాడు. దొంగలను పట్టి జైలులో పెట్టటానికి అందరూ మారుమాట లేకుండా పన్ను కడుతున్నారు. తాము ఎన్నడూ జైలు మొహం చూడకపోయినా కడుతున్నారు. మరి, మనిషి దొంగగా మారకుండా కాపాడే బడికి ఇవ్వటానికి ఏడుపెందుకు? ఇదీ ఆయన వేసిన ప్రశ్న. పాత పద్ధతి తిరిగి తెస్తే, అది బీదలకు చదువు చెప్పే చట్టం కాదు, వారి ఒంటి మీద వాత పెట్టే చట్టమని అన్నాడు. సభ్యులు కదిలిపోయారు. రద్దు ప్రయత్నం వీగిపోయింది, బడులు నిలిచాయి.

మూడేళ్ళకు రాష్ట్ర రాజ్యాంగాన్ని తిరగరాశారు. అందులో తెల్లవారికే వోటు అన్నారు. ఆ రాజ్యాంగాన్ని తయారుచేసిన సభలో స్టీవెన్స్ కూడా సభ్యుడే. అయినా దాని మీద చేవ్రాలు చేయలేదు. తరువాత అమెరికా కాంగ్రెసులో చేరి, 1865లో బానిసత్వాన్ని రద్దు చేసిన రాజ్యాంగ సవరణకై పోరాడాడు.

1868లో ఆయన చనిపోయాడు. లాంకాస్టర్ పట్టణంలో పెద్ద పెద్ద శ్మశానాలు నల్లవారిని రానిచ్చేవి కావు. అందుకని తనను ఒక చిన్న శ్మశానంలో పాతిపెట్టాలని ముందే చెప్పాడు. జాతి, రంగు చూడకుండా అనాథ పిల్లలను చేర్చుకునే ఆశ్రమానికని విల్లులో 50,000 డాలర్లు రాశాడు. ఆ డబ్బుతో మొదలైన విద్యాలయం ఆయన పేరుతోనే లాంకాస్టర్‌లో నేటికీ నడుస్తున్నది. అక్కడి విద్యార్థులు వడ్రంగం, విద్యుత్తు పనుల వంటివి నేర్చుకుంటారు.