లారీ ఎక్కితే ఒక చట్టం, దిగితే మరొకటి

వినోద పార్కుల్లో ప్రాణాలకు భరోసా ఇంజనీర్ల లెక్కలతోనే రాదు. ‘రైడ్’ అనే మాటకు చట్టం ఏ అర్థం చెబుతుందన్నదీ అంతే ముఖ్యం

అమెరికాలో ఒక జెయింట్ వీల్‌ను విడదీసి, లారీల్లో ఊరూరా తిప్పుతూ సంతల్లో బిగిస్తే దానిపై కేంద్ర ప్రభుత్వ వినియోగ వస్తువుల భద్రతా కమిషన్‌కు అధికారం ఉంటుంది. అదే చక్రాన్ని ఒక పార్కులో పునాది వేసి శాశ్వతంగా నిలబెడితే ఆ అధికారం పోతుంది. చక్రం అదే, బోల్టులూ అవే. మారిందల్లా చట్టం దృష్టిలో దాని తరగతి.

ఈ విభజన 1981లో వచ్చింది. 1972 నాటి వినియోగ వస్తువుల భద్రతా చట్టాన్ని ఆ ఏడాది సవరించి, రైడ్ అంటే ఏమిటో నిర్వచించారు. ప్రయాణికులను నిర్ణీత మార్గంలోనో, పరిమిత ప్రదేశంలోనో, వారి వినోదం కోసం తిప్పే యంత్రం; దాన్ని నడపడానికి ప్రత్యేకంగా ఒక ఉద్యోగి ఉండాలి; అది ఒకచోట శాశ్వతంగా బిగించినదై ఉండకూడదు. ఆ చివరి షరతుతోనే డిస్నీల్యాండ్ లాంటి పెద్ద పార్కుల్లోని రైడ్‌లు కేంద్రం చేయి దాటిపోయాయి. వాటి బాధ్యత రాష్ట్రాలకు మిగిలింది. రాష్ట్రాలన్నీ ఒకే తీరుగా లేవు. 1,000 మందికి పైగా ఉద్యోగులు, సొంత పూర్తికాలపు ఇన్‌స్పెక్టర్లు ఉన్న పార్కులకు ఫ్లోరిడా తన తనిఖీల నుంచి మినహాయింపు ఇచ్చింది.

ఈ ఏర్పాటు ఎంత ప్రమాదకరం కాగలదో కాన్సస్ రాష్ట్రం చూసింది. 2014లో కాన్సస్ సిటీలోని ష్లిటర్‌బాన్ పార్కులో 51 మీటర్ల ఎత్తైన ‘వెరూక్ట్’ వాటర్ స్లైడ్ మొదలైంది. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తైనదిగా దానికి గిన్నిస్ రికార్డు దక్కింది. 2016 ఆగస్టులో ముగ్గురితో జారుతున్న తెప్ప గాల్లోకి లేచి, పైన వలను నిలిపి ఉంచే లోహపు చట్రాన్ని తాకింది. పదేళ్ల బాలుడు చనిపోయాడు. అప్పటి కాన్సస్ చట్టం ప్రకారం పార్కు తన రైడ్‌లను తానే తనిఖీ చేసుకుని రికార్డులు దాచుకుంటే సరిపోయేది. 2017లో ఆ చట్టాన్ని కఠినం చేశారు.

అసలు పాఠం కోర్టులో తేలింది. పార్కు యజమానులపై, రూపకర్తపై 2018లో దాఖలైన నేరారోపణలను న్యాయమూర్తి 2019లో కొట్టేశారు. గ్రాండ్ జ్యూరీ ముందుంచిన సాక్ష్యాల్లో చెల్లనివి ఉన్నాయన్నది కారణం. పరిశ్రమకు ఏఎస్‌టీఎం సంస్థ రూపొందించిన ప్రమాణాల ప్రస్తావన కూడా వాటిలో ఉంది. స్లైడ్ కట్టిన నాటికి ఆ ప్రమాణాలను పాటించాలని కాన్సస్ చట్టం చెప్పలేదు. ప్రమాణం ఉంది, కానీ దానికి చట్టబలం లేదు.

ఆ ప్రమాణాలు ఆషామాషీవి కావు. ఏఎస్‌టీఎంలో వినోద రైడ్‌ల సంఘం 1978 నుంచి పనిచేస్తోంది. అది రైడ్‌ను ఎత్తు, వేగాలను బట్టి మాత్రమే చూడదు. కూర్చున్న మనిషిని అది ఎటు, ఎంత బలంగా నెడుతుందో లెక్కగట్టి, పట్టి ఉంచే ఏర్పాటును అయిదు తరగతులుగా విభజిస్తుంది. మొదటి తరగతికి ఏ పట్టీ అక్కర్లేదు. రెండు, మూడు తరగతులకు గడియ లాంటిది ఉంటే చాలు. నాలుగో తరగతికి ఒక్కొక్కరికీ విడిగా తాళం పడాలి. దాన్ని ఆపరేటర్ తప్ప ప్రయాణికుడు తీయకూడదు. ఒక తాళం విఫలమైనా మరొకటి పట్టి ఉంచాలి. తలకిందులు చేసి విసిరే అయిదో తరగతి రైడ్‌లకు రెండు విడి ఏర్పాట్లయినా ఉండాలి, లేదా ఏ లోపం వచ్చినా విడిపోని ఒకటైనా ఉండాలి. తాళం పడిందో లేదో కనిపెట్టే వ్యవస్థ కూడా తప్పనిసరి.

అయితే కాగితం మీది తరగతి సీటు దాకా చేరాలి. 2022 మార్చిలో ఫ్లోరిడాలోని ఓర్లాండోలో 131 మీటర్ల డ్రాప్ టవర్ నుంచి పద్నాలుగేళ్ల బాలుడు జారిపడి మరణించాడు. అతడి సీటు సెన్సర్‌ను చేత్తో సర్దడం వల్ల, ఒంటికీ బార్‌కూ మధ్య ఖాళీ ఎక్కువున్నా యంత్రం అంతా సవ్యంగా ఉందనే అనుకుందని దర్యాప్తులో తేలింది. 2023లో ఫ్లోరిడా కొత్త చట్టం తెచ్చింది.

భారత్‌లో ఈ ప్రశ్నలు ఇంకా మొదట్లోనే ఉన్నాయి. రైడ్‌ల భద్రత కోసమే దేశమంతటికీ వర్తించే ప్రత్యేక చట్టం లేదు. పోలీసు, మున్సిపల్, అగ్నిమాపక, విద్యుత్ శాఖలు ఎవరి అనుమతి వారు ఇస్తాయి. భారతీయ ప్రమాణాల సంస్థ రూపొందించిన ప్రమాణాలున్నాయి. డిజైన్, నిర్వహణ, తనిఖీలకు మూడు భాగాలుగా 2015లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్‌ఓ 17842 కూడా ఉంది. చట్టమో, ప్రభుత్వ ఉత్తర్వో తప్పనిసరి చేయనంత వరకు ఇలాంటి ప్రమాణాలు సలహాలే.

ఫలితం ప్రమాదాల జాబితాలో కనిపిస్తుంది. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియాలో లోలకం లాంటి రైడ్ విరిగిపడి ఇద్దరు మరణించారు, రెండు డజన్లకు పైగా గాయపడ్డారు. 2022 సెప్టెంబర్‌లో మొహాలీ సంతలో డ్రాప్ టవర్ కుప్పకూలింది. 2024 మేలో రాజ్‌కోట్ గేమ్ జోన్ అగ్నికి 27 మంది బలయ్యారు. రేకులతో లేపిన ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ ఎన్‌ఓసీ లేదు. 2025 జనవరిలో హైదరాబాద్ నుమాయిష్‌లో ఒక రైడ్ మధ్యలో ఆగిపోయి జనం తలకిందులుగా వేలాడారు. ఏప్రిల్‌లో ఢిల్లీ కాపస్‌హేడా పార్కులో రోలర్ కోస్టర్ నుంచి పడి ఒక యువతి చనిపోయింది.

వీటిలో మొహాలీ, నుమాయిష్ రైడ్‌లు కొద్దిరోజుల కోసం బిగించినవి. విప్పి, తరలించి, మళ్లీ బిగించిన ప్రతిసారీ బోల్టు వదులయ్యే అవకాశం కొత్తగా పుడుతుంది. అందుకే ఫ్లోరిడా తాత్కాలిక రైడ్‌ను ప్రతి కొత్త చోటా తనిఖీ చేయాలంటుంది. శాశ్వత రైడ్‌కు ఏళ్ల తరబడి వాడకంతో లోహం అలసిపోవడం వేరే జబ్బు. రెండింటికీ ఒకే అనుమతి పత్రం, ఒకే సంతకం సరిపోవు.

ఏది రైడ్, అది ఏ తరగతి, దాన్ని ఎవరు, ఎప్పుడెప్పుడు చూడాలి, ప్రమాణం పాటించకపోతే శిక్ష ఏమిటి? ఈ నాలుగింటికీ చట్టంలో జవాబు రాసుంటే టికెట్ కొన్నవారు సీటులోని బార్‌ను చేత్తో లాగి చూసుకుని సరిపెట్టుకోవాల్సిన అవసరం ఉండదు. అలా లాగి చూసినా గడియ సంగతి తెలుస్తుందేమో గాని, తాళం సంగతి తెలియదు.