చీకటిలో రెండు కన్నులు

ఖానాపూరు దాటి జన్నారము వైపు సాగు దారి కవ్వాల్ అడవిని ఒరసికొని పోవును. రాత్రివేళ ఆ దారిని నడచువాని చేతిదీపపు వెలుగు పొదలపై పడినప్పుడు, ఒక్కొక్కసారి రెండు బిందువులు తళుక్కున మెరయును. అడుగు ఆగిపోవును. అది దుప్పియో, అడవిపిల్లియో అయి ఉండును; కాని ఆ క్షణమున మనసునకు తోచునది కొరివిదయ్యమే. ఇట్టి మృగముల కంటిలో, చూపు నిచ్చు పొరకు వెనుక, అద్దము వంటి మరొక పొర కలదు. లోనికి పోయిన వెలుతురును అది వెనుకకు మరలించును. ఆ కన్ను తనంత వెలుగుట లేదు. మనిషి చేతి దీపమే మనిషికి తిరిగి కనబడుచున్నది.

ఇట్టి కన్నులను బడిపిల్లలు తామే చేయవచ్చును. అమెరికాలో ఏటేటా అక్టోబరు 31వ తేదీన హాలోవీన్ అను పండుగ జరుగును. గుమ్మడికాయ తొలిచి, కన్నులు చెక్కి, లోపల దీపముంచి వాకిట పెట్టుదురు. కొందరు ఇంటినే భూతగృహముగా మార్చి ఇరుగుపొరుగు పిల్లలను బెదరింతురు. అక్కడ పెరుగుచున్న తెలుగు పిల్లలకును ఇది పరిచితమే. పూర్వము లోపల కొవ్వొత్తి ఉండెడిది. నేడు చాలచోట్ల ఎల్.ఇ.డి. దీపము వచ్చినది, నిప్పు భయము తగ్గినది.

ఖానాపూరు బాలునకు గుమ్మడికాయ అక్కరలేదు. ఎండిన సొరకాయ బుర్ర చాలును. ముక్కు, కనుబొమలు తీర్చుటకు చేరువనున్న నిర్మల్ బొమ్మల పనివారి ఉపాయమే ఉన్నది: చింతపిక్కల జిగురులో రంపపుపొట్టు కలిపి మెత్తిన, ఆరిన పిదప గట్టిపడును.

ఇక తీగల సంగతి. ఎఱ్ఱని ఎల్.ఇ.డి.లు రెండు, 9 వోల్టుల బ్యాటరీ, ఒక నిరోధకము, చిన్న స్విచ్చి: ఇంతే సరంజామా. దీపమునకు కాళ్లు రెండు. పొడవుది ధనధ్రువము వైపునకు, పొట్టిది ఋణధ్రువము వైపునకు ఉండవలెను. పాత టార్చి బల్బు ఎటు కలిపినను వెలిగెడిది. దీనికి ఆ ఔదార్యము లేదు; విద్యుత్తును ఒక్క దిక్కుననే పోనిచ్చును. మొదటి దీపపు పొట్టికాలిని రెండవదాని పొడవుకాలికి ముడివేసి, రెంటిని ఒకే వరుసలో కలుపవలెను.

నిరోధకమెందుకని పిల్లలు అడుగుదురు. అడుగకున్న ఉపాధ్యాయుడే అడుగవలెను. ఎఱ్ఱ దీపమునకు సుమారు 2 వోల్టులు చాలును. ఆపైన వోల్టేజి కొంచెము పెరిగినను ప్రవాహము కొంచెముగా పెరుగదు; గండిపడిన చెరువునీటివలె ఉరుకును, దీపము మాడిపోవును. ఖానాపూరు మండలమున గోదావరిపై 1891-92లో కట్టిన సదర్‌మాట్ ఆనకట్ట కాలువల వెంట పెరిగిన రైతుబిడ్డకు తూము పని తెలియును. నిరోధకము చేయునదియు అదే పని. లెక్క ఇది: రెండు దీపములకు 4 వోల్టులు పోగా మిగులునవి 5. కావలసిన ప్రవాహము 10 మిల్లీ ఆంపియర్లు, అనగా 0.01 ఆంపియరు. ఓమ్ నియమము చొప్పున 5ను 0.01చే భాగించిన 500 ఓములు. అంగడిలో సులువుగా దొరకు దగ్గరి విలువ 470 ఓములు. నాలుగు చారల నిరోధకముపై మొదటి మూడును పసుపు, ఊదా, గోధుమ రంగులుగా ఉండును. నీలి కన్నులు కావలెనన్నవారు ఒక్కొక్క దీపమునకు 3 వోల్టుల చొప్పున లెక్క మరల చేసికొనవలెను.

ఆ నీలికాంతి సులువుగా రాలేదు. కంటికి కనబడు ఎఱ్ఱకాంతి నిచ్చు ఎల్.ఇ.డి.ని అమెరికాలో నిక్ హోలోన్యాక్ 1962లో చేసెను. మెరుగైన నీలిదీపమునకు మరి ముప్పది ఏండ్లు పట్టినవి. దానిని సాధించిన అకసాకి, అమానో, నకమురాలకు 2014లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది.

రెండు హెచ్చరికలు మాత్రము తప్పవు. గోడలోని 230 వోల్టుల విద్యుత్తు జోలికి ఏ బాలుడును పోరాదు. బిళ్ల బ్యాటరీలు చిన్నపిల్లలకు అందరాదు. మ్రింగినచో రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలవు.

ఇంతవరకు ఆటయే. కాని ఈ ఆటకు ఉత్తర తెలంగాణమున మరొక ముఖమున్నది. ఈ ప్రాంతపు పల్లెలలో బాణామతి అనుమానము మనుషుల ప్రాణములు తీసినది. బిడ్డకు జ్వరము తగులును, పశువు చచ్చును. వాకిట ఒక నిమ్మకాయయో బొమ్మయో కనబడును. ఊరి చూపు ఒంటరి ముసలిదానిపైనో పేదవానిపైనో పడును. 1988లో ఏర్పడిన జనవిజ్ఞాన వేదిక కార్యకర్తలు, పోలీసు కళాబృందములవారు ఊరూర ఇట్టి మాయల గుట్టు విప్పి చూపుచున్నది ఇందులకే. 1885లో పుట్టిన సురభి నాటక సమాజమును చూడుడు: అచట ప్రేక్షకుడు టిక్కెట్టు కొని, మాయయని ఎరిగియే మాయకు చప్పట్లు కొట్టును. చీకటిలో ఎవరి గుమ్మమునకో వ్రేలాడదీసిన ఎఱ్ఱకన్నుల బుర్రకు అట్టి ఒడంబడిక లేదు. దానిని పెట్టిన పిల్లలు నవ్వుకొని ఇంటికి పోవుదురు. మరునాడు నింద మోయునది ఇంకొకరు. కావున ఈ దయ్యము బడి గడప దాటరాదు.

బడిలో మాత్రము దానిని దాచనక్కరలేదు. కిటికీలు మూసి, గది చీకటిచేసి, స్విచ్చి నొక్కి, పిల్లలను ఒక కేక వేయనిండు. పిమ్మట కిటికీలు తెరచి బుర్రను వెనుకకు త్రిప్పి తీగలు చూపవలెను. అందరికంటె ఎక్కువ బెదరిన పిల్లను ముందుకు పిలిచి, స్విచ్చి ఆర్పించి, ఒక దీపపు కాళ్లను తారుమారు చేయుమనవలెను. మరల స్విచ్చి నొక్కినను రెండు కన్నులును వెలుగవు. తిప్పినది ఒకటే కదా, రెండవది ఎందుకు వెలుగలేదని ఆమె అడుగును. దారి ఒక్కటే, అది మూసికొనినది. కాళ్లు సరిచేసి స్విచ్చి మరల నొక్కునది ఆమెయే కావలెను.