వేధింపును చూసినవారు ఏమి చేయగలరు?

కళాశాలలో ఒక విద్యార్థినిని ఎవరైనా వేధిస్తున్నప్పుడు అక్కడ ఉండేది సాధారణంగా వారిద్దరే కాదు. వరండాలోనో, క్యాంటీన్ వద్దనో, బస్సు ఎక్కే చోటనో మరి నలుగురు ఉంటారు. వెకిలి మాట వారి చెవిన పడుతుంది. దారికి అడ్డంగా నిలిచినవాడు వారి కంటికి కనిపిస్తాడు. అయినా ఒకరు చేతిలోని ఫోన్ వైపు చూస్తారు, ఒకరు తల తిప్పుకుంటారు, ఒకరు నవ్వుతారు. వేధింపుల నివారణకై జరిగే ప్రచారం ఎక్కువగా బాధితురాలిని ఉద్దేశించినదే: ధైర్యంగా ఉండండి, ఫిర్యాదు చేయండి అని. తక్కినది నేరం చేసేవాడికి హెచ్చరిక. మధ్యనున్న ఆ నలుగురికి ఏమి చేయాలో చెప్పేవారు అరుదు. సంఘటన ఎటు తిరుగుతుందన్నది మాత్రం తరచు వారిపైనే ఆధారపడి ఉంటుంది.

కోలారు జిల్లాలో, ముఖ్యంగా కె.జి.ఎఫ్. పట్టణంలో, ఈ విషయానికి ప్రత్యేకమైన బరువున్నది. 2001 ఫిబ్రవరి 28న భారత్ గోల్డ్ మైన్స్ మూతపడిన తరువాత ఇక్కడి అనేక కుటుంబాలకు బెంగళూరే జీవనాధారమైంది. మారికుప్పం నుండి బయలుదేరే ఉదయపు రైళ్లలో ఉద్యోగులతోపాటు విద్యార్థినీ విద్యార్థులు కూడా ప్రయాణిస్తారు. బంగారుపేట, కోలారు కళాశాలలకు బస్సులలో వెళ్లేవారు మరికొందరు. ఎన్నో ఇళ్లలో డిగ్రీ చదువుతున్న మొదటి ఆడపిల్ల ఈ తరంలోనిదే. వేధింపునకు గురైన విద్యార్థిని మౌనంగా ఉన్నదంటే దానికి సిగ్గు ఒక్కటే కారణం కాదు. ఇంట్లో తెలిస్తే చదువు మాన్పిస్తారన్న భయం దానికంటే పెద్దది. అటువంటప్పుడు వేధించినవాడు మరునాడు యథాప్రకారం తరగతికి వస్తాడు, ఆమె ఇంట్లో ఉండిపోతుంది. కనుక చూసినవారు చేసే సహాయం ఆమె చదువును కాపాడేదిగా ఉండాలి.

చూసినవారు ఎందుకు ఊరుకుంటారు? పిరికితనమనో, మానవత్వం నశించిందనో సులభంగా అనేయడం కద్దు. 1964లో న్యూయార్కు నగరంలో కిట్టీ జెనోవీస్ అనే యువతి హత్య జరిగినప్పుడు పత్రికలు ఆ విధంగానే వ్రాశాయి. 38 మంది కిటికీలలోనుండి చూస్తూ ఊరుకున్నారని నాడు వెలువడిన కథనం అతిశయోక్తి అని తరువాత తేలినప్పటికీ, ఆ ఘటన ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలను పరిశోధనకు ప్రేరేపించింది. బిబ్ లతానే, జాన్ డార్లీ అనేవారు విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నపత్రం నింపమన్నారు. కొంతసేపటికి గోడలోని రంధ్రం గుండా పొగ రాసాగింది. గదిలో ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది బయటికి వచ్చి ఆ సంగతి చెప్పారు. పొగను పట్టించుకోనట్టు నటించే ఇద్దరి పక్కన కూర్చున్నవారిలో చెప్పినది 10 శాతం మందే. పొగ అదే, గది అదే. పక్కవారి ముఖంలో కలవరం కనిపించకపోవడంతో, ఇది ప్రమాదం కాదేమోనని వారు అనుకున్నారు.

కళాశాల వరండాలో జరిగేదీ ఇదే. ప్రతివారూ లోలోపల ఇబ్బంది పడుతూనే, పైకి మాత్రం ఏమీ జరగనట్టు నిలబడతారు. ఒకరి మౌనాన్ని మరొకరు సమ్మతిగా పొరబడతారు. వేధించేవాడు కూడా దానిని సమ్మతిగానే తీసుకుంటాడు. అందరికంటే ముఖ్యంగా, వేధింపబడుతున్న అమ్మాయి తన పక్షాన ఎవరూ లేరని నిర్ణయించుకుంటుంది. ఈ పట్టణంలోని పాతతరం వారికి మరొక పద్ధతి తెలుసు. చాంపియన్ రీఫ్ వంటి లోతైన గనిలో రాయి పగిలే చప్పుడు విన్న కార్మికుడు, పక్కవాడు నిశ్చింతగా ఉన్నాడు కదా అని తానూ ఊరుకుంటే ప్రాణాలు దక్కేవి కావు.

పరిశోధన అక్కడితో ఆగలేదు. ఆమ్‌స్టర్‌డామ్, కేప్‌టౌన్, లాంకాస్టర్ నగరాల వీధి కెమెరాలలో నమోదైన 219 ఘర్షణలను పరిశీలించిన అధ్యయనం 2019లో వెలువడింది. ప్రతి పది ఘర్షణలలో తొమ్మిదింటిలో కనీసం ఒకరైనా అడ్డుపడ్డారని, జనం ఎక్కువగా ఉన్నచోట ఎవరో ఒకరు కలుగజేసుకునే అవకాశం పెరిగిందని అందులో తేలింది. వీధి కొట్లాటకూ, చెవి దగ్గర గుసగుసగా అనే అసభ్యపు మాటకూ భేదం లేకపోలేదు. కొట్లాట అందరికీ కొట్లాటగానే కనిపిస్తుంది. వేధింపు పరిహాసంగా, ప్రేమగా, చనువుగా వేషం వేసుకుని వస్తుంది.

కాబట్టి మొదట కావలసినది గుర్తించడం. చట్టం దృష్టిలో లైంగిక వేధింపు అంటే శరీరాన్ని తాకడం మాత్రమే కాదు. లైంగిక కోరిక తీర్చమని అడగడం, అసభ్యంగా వ్యాఖ్యానించడం, అశ్లీల చిత్రాలు చూపడం లేదా పంపడం, సైగలు చేయడం కూడా వేధింపే. కొలమానం ఒక్కటే: అది ఆమెకు ఇష్టం లేని ప్రవర్తన కావడం. అన్నవాడు ‘సరదాకి అన్నాను’ అనడం సమాధానం కాదు. ‘ఈవ్‌టీజింగ్’ అన్న మాట ఈ నేరాన్ని ఎంత తేలిక చేసిందో చెప్పడానికి పొరుగు రాష్ట్రమే సాక్ష్యం. 1998లో చెన్నైలో ఒక కళాశాల విద్యార్థిని వేధింపుల ఘటనలో గాయపడి మరణించిన తరువాత తమిళనాడు ప్రభుత్వం చట్టం చేసింది. ఆ చట్టం పేరులో మొదట ఉన్నది ఈవ్‌టీజింగ్ అన్న పదమే. నాలుగేళ్ల తరువాత దానిని తొలగించి ‘మహిళల వేధింపు’ అని మార్చారు.

గుర్తించిన తరువాత ఏమి చేయాలి? వేధించేవాడితో కలబడడమొక్కటే మార్గమన్న అపోహ చాలామందిని ఆపుతున్నది. సినిమాలలో నాయకుడు చేసే పని అది. కళాశాలలో అది గొడవను పెంచి, చివరకు ‘ఆ అమ్మాయి వల్ల వచ్చిన తగాదా’గా మిగులుతుంది. అన్నిటికంటే సులభమైనదీ, తరచు ఫలించేదీ దృష్టి మళ్లించడం. ఆమె పేరు తెలియకపోయినా ‘అక్కా, ల్యాబ్‌లో నీ కోసం చూస్తున్నారు, రా’ అని పిలిస్తే చాలు. ఈ ప్రాంతపు మేలు ఏమంటే తెలుగు, కన్నడ, తమిళ భాషలు మూడింటిలోనూ అక్క అక్కే. పిలిచినవారు ఎవరో ఆమెకు తెలియకపోయినా, తప్పుకునే దారి దొరికిందని మాత్రం తెలుస్తుంది. వేధించేవాడికి తనను ఎవరో గమనిస్తున్నారని అర్థమవుతుంది, కానీ వాదించడానికి అతనికి ఏ మాటా దొరకదు. గృహహింసకు వ్యతిరేకంగా 2008లో మన దేశంలో మొదలైన ‘బెల్ బజావో’ ప్రచారం ఈ సూత్రం మీదనే నడిచింది. పొరుగింట్లో దెబ్బల చప్పుడు వినిపిస్తే వెళ్లి తలుపు గంట నొక్కడం, పాలో పంచదారో అడగడం, ఫోన్ చేసుకోవచ్చా అనడం. ఇంట్లోవారిని నిలదీయడం ఉండదు, హింస మాత్రం ఆ క్షణానికి ఆగుతుంది.

ఒంటరిగా చేయలేనప్పుడు మరొకరిని కలుపుకోవాలి. గుంపును ఉద్దేశించి ‘ఎవరైనా రండి’ అంటే ఎవరూ కదలరు. ‘రమేశ్, నీవు వెళ్లి ఫిజిక్స్ మేడమ్‌ను పిలుచుకురా’ అని ఒకరికి ఒక పని అప్పగిస్తే ఆ రమేశ్ వెళతాడు. సెక్యూరిటీ గార్డు, గ్రంథాలయ ఉద్యోగి, బస్సు కండక్టరు, క్యాంటీన్ నడిపేవారు, వీరందరూ పిలవదగినవారే. నేరుగా మాట్లాడదలచినవారు చుట్టూ పరిస్థితి సురక్షితంగా ఉన్నదని చూసుకుని, ఒక్క వాక్యం చెప్పి ఆగడం మంచిది: ‘ఆమెకు ఇష్టం లేదు, వదిలేయి.’ వేధించేవాడు మిత్రుడే అయితే ఈ మాటకు మరింత బలం ఉంటుంది. స్నేహితుల గుంపులో ఒక్కరు నవ్వడం మానితే ఆ పరిహాసం అక్కడితో వెలవెలబోతుంది. నిజానికి అబ్బాయిలకు అన్నిటికంటే కష్టమైనదీ ఇదే.

ఫోన్‌లో చిత్రీకరించడం విషయంలో జాగ్రత్త అవసరం. మరెవరో ఆమెకు సహాయం చేస్తున్నప్పుడు సాక్ష్యం కోసం చిత్రీకరించవచ్చు. తేదీ, సమయం, స్థలం వ్రాసి ఉంచుకోవడం మరీ మంచిది. కాని ఆ వీడియో ఆమెది. ఆమెకు అప్పగించి, ఏమి చేయాలో ఆమెనే నిర్ణయించుకోనివ్వాలి. మంచి ఉద్దేశంతోనే అయినా వాట్సాప్ గుంపులలో పెడితే సాయంత్రానికి అది ఆమె వీధికి, ఇంటికి చేరుతుంది. ఫిర్యాదుదారు పేరు, వివరాలు బయటపెట్టరాదని 2013 నాటి చట్టంలోని 16వ సెక్షన్ నిర్దేశిస్తున్నది.

సంఘటన ముగిసిన తరువాత కూడా చేయవలసినది ఉన్నది. అప్పుడు ఏమీ చేయలేకపోయినవారు సైతం ఈ పని చేయగలరు. ఆమె దగ్గరకు వెళ్లి ‘నేను చూశాను. అది తప్పు. నీకు ఏమి సహాయం కావాలి?’ అని అడగడం. ఆమె అడగకుండా ఇంటికి ఫోన్ చేయరాదు, ఆమె అన్నయ్యకు చెప్పరాదు. ‘నీవెందుకు అటు వెళ్లావు’ అన్న ప్రశ్న ఎంత మెల్లగా అడిగినా నిందే. ఆమెకు కావలసినది బస్సు వరకు తోడు కావచ్చు, కమిటీ గదికి తోడు కావచ్చు, ఏమీ కాకపోవచ్చు.

ఎవరూ చూడనిచోట జరిగే వేధింపు వేరు. ఇంటర్నల్ మార్కులు చేతిలో ఉన్న ఉపాధ్యాయుడు పని వేళల తరువాత గదికి రమ్మన్నప్పుడు ప్రత్యక్ష సాక్షి ఉండడు. కాని ఫలానా సార్ గదికి ఒంటరిగా వెళ్లవద్దని సీనియర్లు జూనియర్లకు చెప్పుకునే కళాశాలలో విషయం తెలిసినవారు చాలామందే ఉన్నట్టు. అటువంటిచోట తోడుగా వెళ్లి తలుపు దగ్గర నిలబడడమూ జోక్యమే. విచారణ సాగుతుండగా, నిందితుడు ఆమె పరీక్షాపత్రాలు దిద్దకుండా, మార్కులు వేయకుండా నిలిపివేయించమని కమిటీ సిఫారసు చేయవచ్చునన్న సంగతి విద్యార్థులలో చాలామందికి తెలియదు.

ఆ కమిటీ గురించి కొంత వివరంగా చెప్పాలి. సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో ఇచ్చిన మార్గదర్శకాల ఆధారంగా 2013లో పార్లమెంటు చట్టం చేసింది. దానిని అనుసరించి విశ్వవిద్యాలయ నిధుల సంఘం రూపొందించిన నిబంధనలు 2016 మే నెలలో అమలులోకి వచ్చాయి. వాటి ప్రకారం ప్రతి ఉన్నత విద్యాసంస్థలోనూ అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి. దాని అధ్యక్షురాలు సీనియర్ మహిళా అధ్యాపకురాలు. సభ్యులలో కనీసం సగంమంది స్త్రీలు. బయటి స్వచ్ఛంద సంస్థ నుండి ఒకరు ఉండాలి. విద్యార్థులకు సంబంధించిన విషయమైతే ఎన్నికైన ముగ్గురు విద్యార్థి ప్రతినిధులు కూర్చుంటారు. వైస్ ఛాన్సలర్, రిజిస్ట్రార్, డీన్, విభాగాధిపతి వంటి పదవులలో ఉన్నవారు సభ్యులు కారాదు. ఫిర్యాదు సంఘటన జరిగిన మూడు నెలలలోగా లిఖితపూర్వకంగా ఇవ్వాలి. తగిన కారణం ఉంటే మరో మూడు నెలలు గడువు పొడిగించవచ్చు. వ్రాయలేనివారికి వ్రాయడంలో కమిటీయే సహాయపడాలి. శారీరక, మానసిక అశక్తత వల్ల ఆమె స్వయంగా ఇవ్వలేనప్పుడు మిత్రులు, సహాధ్యాయులు, బంధువులు ఇవ్వవచ్చు. విచారణ 90 రోజులలో పూర్తికావాలి.

సాక్ష్యం చెబితే తన మార్కులు, తన హాల్‌టికెట్ ఏమవుతాయోనన్న భయం సహజం. ఇతరుల పక్షాన వేధింపును వ్యతిరేకించడం, విచారణకు సహకరించడం, సాక్షిగా నిలవడం, వీటిని ఆ నిబంధనలు ‘రక్షిత చర్య’లుగా పేర్కొన్నాయి. అందుకు ప్రతీకారంగా ఎవరికీ హాని జరగకుండా చూడడం సంస్థ విధి. ఫిర్యాదు ఋజువు కాకపోతే శిక్ష పడుతుందన్నది మరో అపోహ. ఋజువు చేయలేకపోవడం, ఉద్దేశపూర్వకంగా అబద్ధం చెప్పడం ఒకటి కావని నిబంధనలు స్పష్టం చేస్తున్నాయి.

ఇక ‘ఆవరణ’ అంటే గోడల మధ్య స్థలమొక్కటే కాదు. హాస్టల్, క్రీడామైదానం, వాహనాలు నిలిపే చోటు, కళాశాల ఏర్పాటు చేసిన బస్సు, విహారయాత్ర, ఇంటర్న్‌షిప్ చేసే కార్యాలయం కూడా అందులోకి వస్తాయి. మారికుప్పం రైలు, ప్రభుత్వ బస్సు వంటివి సంస్థ ఏర్పాటు చేసినవి కావు. అక్కడ జరిగేదానికి సహాయం పోలీసుల నుండి అందుతుంది. అత్యవసరమైతే 112, రైలులో 139, సలహాకు మహిళా సహాయవాణి 181. భారతీయ న్యాయ సంహితలో 75వ సెక్షన్ లైంగిక వేధింపునకు, 78వ సెక్షన్ వెంటపడడానికి, 79వ సెక్షన్ స్త్రీ మర్యాదకు భంగం కలిగించే మాటలకు, సైగలకు సంబంధించినవి. ఫోన్ చేసేవారు బాధితురాలే కానక్కరలేదు. పెట్టె నంబరు, రాబోయే స్టేషను పేరు చెప్పగలిగితే చాలు.

కమిటీ ఉత్తర్వును అందరికీ కనిపించే చోట ప్రదర్శించాలని చట్టం చెబుతున్నది. కమిటీనే ఏర్పరచని యాజమాన్యానికి 50,000 రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నోటీసుబోర్డు మీద సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు కనిపించని కళాశాలలో ఏ విద్యార్థి అయినా ప్రిన్సిపాల్ కార్యాలయానికి వెళ్లి అవి ఎక్కడ ఉన్నాయని అడగవచ్చు. అందుకోసం ఏదైనా సంఘటన జరిగే వరకు ఆగనవసరం లేదు.