తనను తాను తినే కణం బతుకుతుందా, చస్తుందా?

ఎలుక పిల్ల పుట్టగానే మాయ నుంచి అందే పోషణ ఆగిపోతుంది. పాలు తాగి అవి ఒంటబట్టేదాకా ఒళ్లంతా పస్తే. ఆ కొన్ని గంటలూ గుండె, ఊపిరితిత్తుల వంటి అవయవాల్లోని కణాలు తమ సొంత ప్రోటీన్లనే కరిగించుకుని, వచ్చిన ఎమైనో ఆమ్లాలతో నెట్టుకొస్తాయి. ఈ పనినే ఆటోఫజీ అంటారు. జపాన్‌లో నొబొరు మిజుషిమా బృందం దీనికి తప్పనిసరైన ఏటీజీ5 జన్యువు లేని ఎలుకలను పుట్టించి, 2004లో ఫలితం ప్రకటించింది. పుట్టినప్పుడు ఇంచుమించు మామూలుగానే ఉన్న ఆ పిల్లలు ఒక్కరోజు లోపే చనిపోయాయి.

కణంలో పాడైన మైటోకాండ్రియా, ముద్దకట్టిన ప్రోటీన్లు ఉన్నచోట కప్పులాంటి పొర ఒకటి పుడుతుంది. అది పెరిగి వాటిని చుట్టేసి, రెండు పొరల సంచిగా మూసుకుంటుంది. ఆ సంచి లైసోజోమ్‌తో కలిశాక అక్కడి ఎంజైములు లోపలి సరుకును అరగదీస్తాయి. పనికొచ్చే ముక్కలు మళ్లీ కణానికే చేరతాయి. తిండి దండిగా ఉన్నంతసేపూ ఎంటార్ అనే ప్రోటీన్ దీన్ని అణిచి ఉంచుతుంది. ఎమైనో ఆమ్లాలు తగ్గితే ఆ పట్టు సడలుతుంది.

ఈ పనిని నడిపే జన్యువులు చాలాకాలం ఎవరికీ చిక్కలేదు. సంచులు పుట్టిన కాసేపటికే కరిగిపోతాయి మరి. శాస్త్రవేత్త యోషినోరి ఓసుమి ఇక్కడ చేసిన ఆలోచన నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. అరిగించే ఎంజైములు లేని ఈస్ట్‌ను ఎంచుకుని పస్తు పెట్టాడు. కరగడానికి వీల్లేక సంచులు పోగుపడ్డాయి, మామూలు సూక్ష్మదర్శినిలోనే కనబడ్డాయి. ఆ దారిలో 1993లో ఆయన బృందం 15 కీలక జన్యువుల జాడ పట్టింది. ఆటోఫజీ చేయలేని ఈస్ట్, పస్తు పెడితే త్వరగా చచ్చిపోయింది. 2016లో ఓసుమికి నోబెల్ వచ్చింది.

ఇంతవరకూ చూస్తే ఇది ప్రాణం నిలిపే పనే. కానీ చనిపోతున్న కణాల్లో కూడా ఈ సంచులు గుంపులుగా కనిపిస్తాయి. దాంతో ఆటోఫజీయే కణాన్ని చంపుతోందన్న వాదన పుట్టింది. చావుమంచం పక్కన డాక్టరు కనబడినంత మాత్రాన చంపింది ఆయనే అనలేం కదా! తేల్చడానికి దారి ఒకటే: ఆటోఫజీని ఆపి చూడాలి. అలా ఆపితే చాలా సందర్భాల్లో కణం ఇంకా త్వరగా చనిపోతుంది. అంటే అది ఆఖరిదాకా కాపాడటానికే పెనుగులాడింది. అన్నిచోట్లా అంతే అనలేం. పండు ఈగ పిల్లపురుగు ఈగగా మారేటప్పుడు దాని లాలాజల గ్రంథులు కరిగిపోవాలి. అక్కడ ఆటోఫజీని ఆపితే గ్రంథి పూర్తిగా కరగకుండా మిగిలిపోతుందని 2007లో తేలింది.

బతుకుకూ చావుకూ మధ్య ఈ ముడి ప్రోటీన్ల స్థాయిలోనే ఉంది. కణం తనంతట తాను చనిపోకుండా అడ్డుకునే బీసీఎల్-2 అనే ప్రోటీన్, ఆటోఫజీని మొదలుపెట్టే బెక్లిన్-1ను కూడా పట్టి ఉంచుతుంది. ఆకలివేళ బెక్లిన్-1 విడుదలై పని మొదలవుతుంది. చావు ఖాయమయ్యాక కాస్పేజ్ ఎంజైములు ఆ బెక్లిన్-1నే తెగ్గొడతాయి. అలా రక్షణ దారి మూసుకుపోతుంది. బెక్లిన్-1ను గుర్తించింది అమెరికాలో బెత్ లెవిన్ బృందం.

బెక్లిన్-1 జన్యువు రెండు ప్రతుల్లో ఒకటి తీసేసిన ఎలుకలకు కణితులు ఎక్కువగా వచ్చాయి. అంటే ఆటోఫజీ కేన్సర్‌ను మొదట్లో అడ్డుకుంటుంది. కణితి పెరిగాక మాత్రం కథ తిరగబడుతుంది. రక్తం సరిగా అందని లోపలి కేన్సర్ కణాలకు, కీమోథెరపీ దెబ్బ తిన్న కణాలకు అదే ఆటోఫజీ ఊపిరి పోస్తుంది. అందుకే దాన్ని అడ్డుకునే హైడ్రాక్సీక్లోరోక్విన్‌ను కేన్సర్ మందులతో కలిపి రోగులపై పరీక్షించారు.

ఉపవాసానికే నోబెల్ వచ్చిందనీ, పస్తులుంటే కేన్సర్ కణాలు ఆకలికి మాడిపోతాయనీ మన వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే మాటలు నాకు భయం కలిగిస్తాయి. ఓసుమి పస్తు పెట్టింది ఈస్ట్‌ను, మనుషులను కాదు. ఆకలికి కేన్సర్ కణం కూడా ఇదే దారిన తట్టుకోగలదు. పైగా చికిత్సలో ఉన్నవాళ్లకు బరువు తగ్గడమే పెద్ద ముప్పు. ఎన్ని పూటలు, ఏమి తినాలన్నది వైద్యం చేస్తున్న డాక్టరుతో మాట్లాడి తేల్చుకోవాల్సిన సంగతి.