పురుగు పట్టింది మామా!

పత్తి చేలోనే కాదు, కంప్యూటర్‌లోనూ పురుగులుంటాయి. వాటిని పట్టేవాళ్లకి ఓ భాష ఉంది, బోలెడు జోకులున్నాయి, అంతకన్నా ఎక్కువగా చిట్కాలున్నాయి. ఆ నవ్వుల వెనక ఉన్నది మాత్రం నవ్వులాట కాదు.

"ఏరా మామా, రాత్రి పురుగు దొరికిందా?"
"దొరికింది. తెల్లారుజామున నాలుగింటికి. చంపేశా."
"మళ్లీ వస్తుందేమో చూసుకో."
"రానీ. ఈసారి గట్టి మందే కొట్టా!"

ఏ నరసరావుపేట దగ్గరో, పర్చూరు పొలాల్లోనో గట్టు మీద కూర్చున్న ఇద్దరు రైతుల ముచ్చట అనుకుంటున్నారు కదూ! కానే కాదు. హైదరాబాద్‌లోనో, బెంగళూరులోనో ఏసీ గదిలో కాఫీ కప్పులు పట్టుకున్న ఇద్దరు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ఇలాగే మాట్లాడుకుంటారు. పత్తి, మిరప పండే గుంటూరు, ప్రకాశం పల్లెల నుంచి బాపట్లలోనో, చౌడవరంలోనో, వడ్లమూడిలోనో, ఒంగోలులోనో ఇంజినీరింగ్ చదివి, అమీర్‌పేట కోచింగుల మీదుగా కంప్యూటర్ ముందుకు చేరినవాళ్లు వేలల్లో ఉన్నారు. ఊరు మారింది, పని మారింది. పురుగు మాత్రం వదల్లేదు!

మాటలూ అంతే. సర్వర్ ఆగిపోతే 'పడుకుంది' అంటారు. మళ్లీ పనిచేస్తే 'లేచింది'. ప్రోగ్రాం రాయడం 'కోడు కొట్టడం'. పాత ఫైళ్లు తీసేయాలంటే 'లేపెయ్'. ప్రాజెక్టు లేక ఖాళీగా కూర్చుంటే 'బెంచీ మీద ఉన్నాడు'. కొత్త కోడుకి వెర్షన్ నంబరు ఇస్తే గుంటూరు కుర్రాళ్లకి అదేమీ వింతగా అనిపించదు. వాళ్ల ఇళ్లలో మిరపకాయలకి ఎప్పుడో నంబర్లు వచ్చేశాయి మరి... 334, 341 అంటూ!

రెక్కల పురుగు కథ
ప్రోగ్రాంలో తప్పుని 'బగ్' అనడం వెనక ఓ సరదా కథ ఉంది. 1947 సెప్టెంబరు 9. అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో మార్క్-2 అనే భారీ కంప్యూటర్ మొరాయించింది. విప్పి చూస్తే ఓ రిలే మధ్యలో చిన్న రెక్కల పురుగు ఇరుక్కుని కనిపించింది. సిబ్బంది దాన్ని బయటికి తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అతికించారు. 'నిజంగా పురుగు దొరికిన మొదటి సందర్భం' అని పక్కన రాశారు. అక్కడ పనిచేసిన గ్రేస్ హాపర్ ఆ కథను ఊరూరా చెప్పడంతో అది ప్రపంచమంతా పాకింది. ఆ పుస్తకం, పురుగుతో సహా, ఇప్పటికీ స్మిత్‌సోనియన్ మ్యూజియంలో భద్రంగా ఉంది.

'నిజంగా' అన్న మాట గమనించారా? అంటే అప్పటికే యంత్రాల్లో లోపాన్ని 'బగ్' అనే అలవాటుందన్నమాట. 1878లోనే థామస్ ఎడిసన్ తన ఉత్తరాల్లో ఆ మాట వాడాడు. కాబట్టి హార్వర్డ్ వాళ్లు చేసింది పేరు పెట్టడం కాదు... పేల్చిందో జోకు! కంప్యూటర్ కుర్చీకీ హాస్యానికీ బంధం అంత పాతది.

నవ్విస్తూ నేర్పిస్తారు
సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో కొన్ని జోకులు ఎన్నేళ్లయినా పాతబడవు. మొదటిది, 'నా సిస్టమ్‌లో బాగానే నడుస్తోందే!' రాసినవాడి కంప్యూటర్‌లో చక్కగా పనిచేసిన ప్రోగ్రాం, కస్టమర్ దగ్గరికి వెళ్లేసరికి చతికిలపడుతుంది. ఇంట గెలిచి రచ్చ ఓడటమన్నమాట. 'అయితే నీ సిస్టమ్‌నే కస్టమర్‌కి పంపించేద్దాం' అని పక్కవాడు ఎగతాళి చేస్తాడు. తమాషా ఏంటంటే, ఆ ఎగతాళే దాదాపు నిజమైంది. ప్రోగ్రాంతో పాటు దానికి కావల్సిన సరంజామా అంతా ఒకే పెట్టెలో సర్ది పంపించే 'డాకర్' అనే సాఫ్ట్‌వేర్ 2013లో వచ్చింది.

రెండోది, 'అది బగ్ కాదు... ఫీచర్!' తప్పు బయటపడ్డాక దాన్నే సౌకర్యంగా చెప్పుకోవడం. మూడోది, 'తొంభై శాతం అయిపోయింది సార్'. మొదటి తొంభై శాతానికి పట్టే టైము తొంభై శాతం, మిగిలిన పది శాతానికి పట్టేది ఇంకో తొంభై శాతం అని అమెరికాలోని బెల్ ల్యాబ్స్ ఇంజినీరు టామ్ కార్గిల్ చమత్కరించాడు. ఇల్లు కట్టిన ప్రతి ఒక్కరికీ ఈ లెక్క తెలుసు!

నాలుగోది, 'శుక్రవారం కొత్త కోడు ఎక్కించకు... శని, ఆదివారాలు ఆఫీసులోనే!' విన్నప్పుడు నవ్వొస్తుంది. 2024 జులై 19న ఏం జరిగిందో గుర్తు తెచ్చుకుంటే నవ్వు ఆగిపోతుంది. కంప్యూటర్లకు రక్షణ కల్పించే క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన ఒక్క అప్‌డేట్‌లో తప్పు దొర్లింది. దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలిరంగు తెర చూపిస్తూ కూలబడ్డాయి. విమానాలు ఆగాయి, ఆసుపత్రులు ఇబ్బంది పడ్డాయి. మన హైదరాబాద్‌లోనూ ప్రయాణికులకి బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చారు. ఆరోజు ఏ వారమో తెలుసా? శుక్రవారమే!

అందుకే ఈ జోకుల్ని ఉత్త కాలక్షేపం అనుకోకూడదు. సీనియర్ పదిసార్లు చెప్పినా తలకెక్కని జాగ్రత్త, క్యాంటీన్‌లో ఒక్క జోకుతో ఎక్కేస్తుంది. అలాగని హాస్యం ముదిరి అవమానమైతే మొదటికే మోసం. చేసిన తప్పు చెబితే నలుగురూ నవ్వుతారని భయపడిన కొత్త కుర్రాడు దాన్ని దాచేస్తాడు. దాచిన పురుగు లోపలే పిల్లలు పెడుతుంది. అనుభవమున్న టీమ్ లీడర్లు అందుకే ముందు తమ పాత పొరపాట్లు చెప్పి నవ్విస్తారు.

బద్ధకం... ఓ సుగుణం!
'బద్ధకస్తుడికి పని చెబితే సులువైన దారి కనిపెడతాడు' అంటుంటారు. పెర్ల్ అనే కంప్యూటర్ భాషను సృష్టించిన లారీ వాల్ అయితే ప్రోగ్రామర్‌కి ఉండాల్సిన సుగుణాలు మూడని తేల్చేశాడు... బద్ధకం, అసహనం, అహంకారం! చేసిన పనే మళ్లీ చేయడానికి బద్ధకించాలి. కంప్యూటర్ నెమ్మదిస్తే సహించకూడదు. తన కోడుని ఎవరూ వేలెత్తి చూపలేనంత బాగా రాయాలనే గర్వం ఉండాలి. అదీ ఆయన ఉద్దేశం.

ఆ బద్ధకంలోంచే చిట్కాలు పుట్టాయి. వాటిలో ఒకటి రబ్బరు బాతు. ఎంతకీ తెగని సమస్య వస్తే బల్ల మీద ఓ బాతు బొమ్మ పెట్టుకుని, కోడులో ఒక్కో వరుస ఏం చేస్తోందో దానికి వివరంగా చెప్పాలి. చెబుతూ చెబుతూ ఉండగానే తప్పు ఎక్కడుందో తట్టేస్తుంది. 1999లో ఆండ్రూ హంట్, డేవిడ్ థామస్ రాసిన పుస్తకంతో ఈ కిటుకు ప్రపంచానికి తెలిసింది. బాతు లేకపోతే పక్క సీటు మిత్రుడు చాలు. 'మామా, రెండు నిమిషాలు విను' అని మొదలుపెట్టి, సగంలోనే 'ఆఁ... దొరికింది, వెళ్లు' అనేవాళ్లు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు!

ఇంకోటి, సగానికి సగం చిట్కా. పొలానికి నీళ్లు తెచ్చే పైపు నేలలో ఎక్కడో పగిలింది. మొత్తం తవ్వుకుంటూ పోతారా? మధ్యలో ఓచోట తవ్వి చూస్తారు. అక్కడికి నీళ్లొస్తే పగులు అవతలి సగంలో, రాకపోతే ఇవతలి సగంలో. మళ్లీ ఆ సగంలో సగం. కోడులో మార్పుల్ని భద్రపరిచేందుకు 2005లో లైనస్ టోర్వాల్డ్స్ సృష్టించిన 'గిట్'లో సరిగ్గా ఇదే పనిచేసే 'బైసెక్ట్' అనే ఆదేశం ఉంది. వెయ్యి మార్పుల్లో ఏది కొంప ముంచిందో పది పరీక్షల్లో తేల్చేస్తుంది.

చిట్కాలే కాటేస్తే...
చిట్కా రెండంచుల కత్తి. కట్, కాపీ, పేస్ట్ సంగతే చూడండి. 1970ల్లో జిరాక్స్ సంస్థ పరిశోధన కేంద్రంలో వాటికి రూపమిచ్చినవాళ్లలో ముఖ్యుడు లారీ టెస్లర్. 2020లో కన్నుమూశాడు. ఆయన పుణ్యమా అని ప్రపంచానికి కలిసొచ్చిన సమయం లెక్కకందదు. కానీ ఒకచోట తప్పున్న కోడుని పదిచోట్ల అతికిస్తే తప్పులు పదవుతాయి. ఒకటి సరిదిద్ది తొమ్మిది మర్చిపోతారు.

ఇంకొకరు రాసిపెట్టిన కోడుని తెచ్చి వాడుకోవడమూ అంతే. 2016 మార్చిలో ఓ ప్రోగ్రామర్ అలిగి, తను ఉచితంగా ఇచ్చిన 'లెఫ్ట్‌ప్యాడ్' అనే ముక్కను వెనక్కి తీసుకున్నాడు. అందులో ఉన్నది పదకొండు వరుసలే! కానీ దాని మీద ఆధారపడ్డ ప్రాజెక్టులు ప్రపంచమంతటా టపటపా ఆగిపోయాయి.

ఒకే ఆదేశంతో ఫైళ్లన్నీ తుడిచేయడం మరో చిట్కా. 1998లో 'టాయ్ స్టోరీ 2' తీస్తున్నప్పుడు అలాంటి ఆదేశం పొరపాటున నడిచి, సినిమాలో చాలా భాగం కళ్లముందే మాయమైంది. బ్యాకప్ చూస్తే అదీ సరిగా లేదు. గాలిన్ సుస్మన్ అనే ఉద్యోగిని పసిబిడ్డతో ఇంటి నుంచే పనిచేస్తూ, ఇంట్లోని కంప్యూటర్‌లో ఓ కాపీ ఉంచుకోబట్టి ఆ సినిమా బతికింది. దాచుకోవడం కాదు, దాచింది తెరుచుకుంటుందో లేదో చూసుకోవడమూ ముఖ్యమే!

పత్తి చేను చెప్పిన పాఠం
ఈ కథంతా గుంటూరు, ప్రకాశం రైతులకి కొత్తకాదు. 1980ల్లో సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు వచ్చినప్పుడు పత్తి చేలలో పురుగులు ఇట్టే రాలిపోయాయి. ఇక ఢోకా లేదనుకున్నారు. కొట్టిన మందే మళ్లీ మళ్లీ కొట్టారు. 1987-88 నాటికి శనగపచ్చ పురుగు ఆ మందుని తట్టుకోవడం నేర్చింది. తెల్లదోమ విజృంభించింది. పంట పోయి, అప్పులు మిగిలి ఈ రెండు జిల్లాల్లో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. 2002లో బీటీ పత్తి వచ్చింది. 2010 నాటికి గుజరాత్‌లో గులాబీరంగు పురుగు తొలి రకం బీటీని తట్టుకుంటోందని విత్తనం తయారుచేసిన మోన్‌శాంటో సంస్థే ప్రకటించింది. 450 గ్రాముల బీటీ ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల మామూలు పత్తి విత్తనాలూ ఇచ్చేవారు... చేను చుట్టూ వేస్తే పురుగు అంత త్వరగా మొండికేయదని. 'దిగుబడి లేనిదానికి చోటెందుకు' అని చాలామంది వాటిని పక్కన పడేశారు.

సరిగ్గా ఇదే మాట సాఫ్ట్‌వేర్‌లోనూ ఉంది. దానికి అమెరికా నిపుణుడు బోరిస్ బైజర్ 1990లో ప్రచురించిన తన పుస్తకంలో పెట్టిన పేరు వింటే ఆశ్చర్యపోతారు... 'పురుగుమందు వైచిత్రి'! ఒకే రకం పరీక్షలు పదేపదే చేస్తుంటే అవి పట్టగలిగిన తప్పులు పోతాయి. మిగిలేవన్నీ ఆ పరీక్షలకి చిక్కనివే. తెర మీద అన్నీ పచ్చ టిక్కులే కనిపిస్తాయి. లోపల పురుగు తింటూనే ఉంటుంది. కాబట్టి పరీక్షలనీ మారుస్తూ ఉండాలి... మందు మార్చినట్టే. ఇక ఆ 120 గ్రాముల విత్తనాల్లాంటివే కోడు పక్కన రాయాల్సిన వివరణలూ, అదనపు పరీక్షలూ. అప్పటికి దండగలా కనిపిస్తాయి. అవసరం పడ్డాకే వాటి విలువ తెలిసేది.

ఇప్పుడు కొత్త మందు కృత్రిమ మేధ. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాయి. అడిగితే క్షణాల్లో కోడు రాసిపెడుతున్నాయి. రోజు పని గంటలో అయిపోతోందని సంబరపడేవాళ్లున్నారు. 'మరి మనమెందుకు?' అని దిగులుపడేవాళ్లూ ఉన్నారు. పొలం అమ్మో, అప్పు చేసో పిల్లల్ని చదివించిన ఇళ్లలో అది చిన్న దిగులేం కాదు. ఒకటి మాత్రం నిజం. యంత్రం రాసిన కోడుని చదివి, ఇందులో పురుగెక్కడుందో చెప్పగలిగినవాడికి పని ఉంటుంది. చదవకుండా అతికించేవాడిది మాత్రం డబ్బా మీద రాసింది చూడకుండా మందు కొట్టే వ్యవహారమే.

మీకూ పనికొచ్చేవి
ప్రోగ్రామర్లే కాదు... మిర్చి యార్డు గుమాస్తాలూ, డీటీపీ ఆపరేటర్లూ, చదువుకునే పిల్లలూ వాడుకోదగ్గ కొన్ని చిట్కాలు:

* కంట్రోల్+షిఫ్ట్+టి: పొరపాటున మూసేసిన బ్రౌజర్ పేజీ మళ్లీ తెరుచుకుంటుంది.
* విండోస్ కీ+వి: ఇంతకుముందు కాపీ చేసినవన్నీ వరుసగా చూపిస్తుంది. మొదటిసారి 'ఆన్' చేసుకోవాలి.
* ఎక్సెల్‌లో కంట్రోల్+సెమికోలన్: ఈరోజు తేదీ దానంతటదే పడుతుంది. ఆల్ట్+ఈక్వల్ నొక్కితే పై అంకెల మొత్తం వచ్చేస్తుంది.
* ఎక్సెల్‌లో కంట్రోల్+ఇ: పేరూ ఊరూ కలిసున్న వరుసలోంచి ఊరు విడిగా కావాలా? ఒకటి రెండు చేత్తో రాసి ఇది నొక్కితే మిగతావి అదే నింపుతుంది. సరిగ్గా నింపిందో లేదో ఓసారి చూసుకోవాలి సుమా!
* విండోస్ కీ+ఎల్: సీటు వదిలి వెళ్లేటప్పుడు తెరకి తాళం. మర్చిపోయారో, 'ఈరోజు అందరికీ బిర్యానీ నా ఖర్చే' అంటూ మీ పేరుతో టీమ్ అంతటికీ మెయిల్ వెళ్లిపోవచ్చు!

ఇవేవీ లాభం లేకపోతే ఆఖరి అస్త్రం ఉండనే ఉంది... ఆపేసి మళ్లీ ఆన్ చేయడం. కంట్రోల్+ఆల్ట్+డిలీట్‌ని కనిపెట్టింది ఐబీఎం ఇంజినీరు డేవిడ్ బ్రాడ్లీ. ఓ సభలో బిల్ గేట్స్‌ని పక్కన పెట్టుకునే, 'దాన్ని కనిపెట్టింది నేనైనా పేరు తెచ్చింది ఈయనే' అన్న అర్థంలో ఆయన చురక వేశాడు. సభంతా నవ్వింది. పురుగులు పట్టేవాళ్ల తీరే అంత... ఎంత పెద్దవాడినైనా ఓ చిన్న చురక వేయందే వాళ్లకి నిద్రపట్టదు!